కాలయంత్రము – లఘువినోదము

వినోదమునకై చూచిన చలనచిత్రమును గూర్చి వ్యాసము వ్రాయుట యేలయని మిత్రులు కొందఱు నన్నడిగిరి. సంస్కారాభిమానులమగు మనలో నొక యలవాటు గలదు. ఏ కళను జూచినను "దీనివలన నేర్చుకొనదగిన దేమి?" యని మొదట ప్రశ్నింతుము. నీతి లభించినచో మెచ్చుదుము, లభింపనిచో కాలహరణమందుము. నేనును చిరకాల మా పక్షమువాడనే. 2025 ఏప్రిల్ మాసమున "ఆదిత్య 369" చిత్రము మరల ప్రదర్శనశాలలకు వచ్చినప్పుడు, పదేండ్ల మేనల్లుడు చేయి విడువకుండుటచే వెళ్లితిని. వెళ్లి మిక్కిలి సంతోషించితిని. మరలివచ్చుచుండగా త్రోవలో జరిగిన యొక చిన్న సంగతి యీ వ్యాసమునకు కారణము.

ఈ చిత్రము 1991లో మొదట విడుదలయ్యెను. దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు, సంభాషణలు జంధ్యాలగారివి, సంగీతము ఇళయరాజాగారిది. రామదాసను శాస్త్రజ్ఞుడు కాలమున ముందు వెనుకలకు బోగల యంత్రమును నిర్మించును. ఆయన కుమార్తె హేమ, ఆమెను వలచిన కృష్ణకుమారుడు, వారితో నొక రక్షకభటుడు – ఈ మువ్వురును ఆ యంత్రమున జిక్కి శ్రీకృష్ణదేవరాయల యేలుబడిలో బడుదురు. అచ్చటినుండి 2504వ సంవత్సరమునకు బోవుదురు. రాయలుగాను కృష్ణకుమారుడుగాను నందమూరి బాలకృష్ణగారే నటించిరి. రాయలనాటి వజ్రము నపహరింప జూచు ధూర్తుడొకడు కథను వెన్నాడుచుండును. ఇంతియే కథ. ఇందు గూఢార్థములు వెదుక నక్కఱలేదు.

మఱి యిట్టిదానిని జూచి సంతోషించుట తప్పా? భరతుని నాట్యశాస్త్రము మొదటనే చెప్పుచున్న దేమనగా, దేవతలు బ్రహ్మను జేరి కన్నులకును చెవులకును ఇంపగు నొక యాటవస్తువును గోరిరి. అటుల పుట్టినదే నాట్యము. అది హితోపదేశమును జేయుననియు నా గ్రంథమే చెప్పును. కాని శ్రమపడినవారికిని దుఃఖితులకును విశ్రాంతి నొసగుననియు చెప్పును. మనము మొదటి మాటను బట్టుకొని రెండవదానిని విడిచితిమి. సంఘసంస్కరణమునకు జీవితమునే ధారవోసిన కందుకూరి వీరేశలింగముగారు "సత్యరాజా పూర్వదేశయాత్రలు" వ్రాయునపుడు లేని దేశములను గల్పించి పాఠకుని గడుపుబ్బ నవ్వించిరి. నవ్వుటకు ఆయన సిగ్గుపడలేదు. ఆయన శిష్యులమని చెప్పుకొను మనము సిగ్గుపడనేల?

కాలయంత్రమను కల్పనను ప్రసిద్ధి గావించినది హెచ్. జి. వెల్స్ అను నాంగ్ల రచయిత 1895లో ప్రకటించిన నవల. అందలి ప్రయాణికు డొంటరిగా బయలుదేరి ఎనిమిదిలక్షల సంవత్సరములకు బైబడిన భవిష్యత్తున మానవజాతి రెండుగా చీలియుండుట గాంచును. ధనిక దరిద్ర వర్గముల భేద మెంతవఱకు బోవునో చూపుట ఆ రచయిత తలంపు. సింగీతంవారు యంత్రమును మాత్రము గ్రహించి, దానిలో ప్రేమికులను గూర్చుండబెట్టిరి. ఇది దిగజారుట యని కొందఱందురు. నాకట్లు తోచలేదు. శతాబ్దములు గిఱ్ఱున దిరుగుచున్నప్పుడు ప్రేక్షకుని మనస్సు పట్టుకొనుట కొక యాధారము వలయును. వీరిరువురును ఒకరి నొకరు విడువక యిల్లు చేరుదురా యను చిన్న ప్రశ్నయే యా యాధారము. రాజసభ మాఱినను, భూగర్భమున దలదాచుకొను భావిమానవులు కానవచ్చినను, మన మా ప్రశ్నను బట్టుకొని నడతుము. అద్భుతమునకు శృంగారము తోడగుట మన ప్రబంధములు చదివినవారికి క్రొత్త గాదు.

ఇంకొక విశేషము. ఇందొక పాట జిక్కిగారిచే బాడించిరి. 1955 నాటి "రోజులు మారాయి" మున్నగు చిత్రములలో నాంధ్రదేశ మంతయు విన్న గొంతది. 1991లో ఆ గొంతు వినగానే ప్రేక్షకుడు యంత్రము లేకయే మూడు దశాబ్దములు వెనుకకు బోయియుండును. ఇట్టి నేర్పు గలవారిని తేలికపనివారని త్రోసివేయరాదు. తేలికగా గనబడునట్లు చేయుట తేలికపని కాదు.

ఇక త్రోవలో జరిగిన సంగతి. "మామయ్యా, అట్టి యంత్రము నిజముగా నుండునా?" అని పిల్లవాడడిగెను. నేను నోరు విప్పకమున్నే, మాతో వచ్చిన పెద్దలొకరు "ఏల యుండదు నాయనా? భాగవతములో రైవతుని కథ లేదా? మనవారికి దెలియని దేమున్నది?" అనిరి. పిల్లవాడు తల యూచి యూరకుండెను. వాని ప్రశ్న యంతటితో చచ్చెను. నా సంతోషమును సగము చచ్చెను.

రైవతుడగు కకుద్మి తన కూతురు రేవతికి దగిన వరుని నడుగుటకై ఆమెతో బ్రహ్మలోకమునకు బోయెను. అచ్చట గానము జరుగుచుండుటచే క్షణకాలము నిలిచెను. తాను మనసున నుంచుకొన్న వరుల పేళ్లు చెప్పగా బ్రహ్మ నవ్వి, వారే కాదు, వారి మనుమల వంశములును భూమిపై లేవనెను. ఎంత చక్కని కథ! ఒక తండ్రి వరుల నెంచుచుండగనే యుగములు గడచిపోయినవి. సంపదయు వంశమును నిలుచునవి కావను భావము హృదయమున నాటుటకు చెప్పిన కథ యది. దానిని గణితసూత్రముగా జేయుట భాగవతమునకు గౌరవము గాదు, గణితమునకును గాదు.

గడియారము వేగమును బట్టి భిన్నముగా నడచునని ఐన్‌స్టైను 1905లో సిద్ధాంతీకరించెను. 1971లో హాఫెలె, కీటింగ్ అను నిరువురు అతిసూక్ష్మములగు గడియారములను విమానములలో భూమిచుట్టు ద్రిప్పి చూచిరి. తూర్పుగా బోయినవి సుమారు 59 నానోసెకండులు వెనుకబడెను. పడమటికి బోయినవి సుమారు 273 నానోసెకండులు ముందునకు నడచెను. నానోసెకండనగా సెకండులో నూఱుకోట్లవ వంతు. శాస్త్రమనగా నిది: ఊహించుట, కొలుచుట, తప్పినచో నొప్పుకొనుట. గతమునకు మరలిపోవు మార్గము నేటివఱకు నెవరికిని దెలియదు. చిత్రము తనకు దెలియునని చెప్పనులేదు. ఆటను ఆటయనియే చూపినది. దానిని బ్రమాణముగా బట్టుకొన్నవారిది తప్పు. "ఇది శాస్త్రవిరుద్ధ"మని ముఖము ముడుచుకొన్నవారిదియు నదే తప్పు. ఇరువురును ఆటను ఆటగా జూడనొల్లరు.

అట్లని లఘువినోదము విమర్శకు దొరకనిదని నా యభిప్రాయము గాదు. మనస్సు సడలియున్న వేళ పాతభావములు సులభముగా లోన బ్రవేశించును. ఈ చిత్రమున హేమ శాస్త్రజ్ఞుని కూతురు. ఆ యంత్ర మామె యింటనే పుట్టినది. అయినను సాహసమంతయు నాయకునిది. ఆమె వంతు ప్రధానముగా వెంట నడచుటయే. రాజనర్తకి సింహనందిని కళావతియైనను, పురుషుని వలలో వేయ జూచు జాణగానే మిగిలినది. యంత్రము ఐదు శతాబ్దములు ముందునకు దూకినది గాని, స్త్రీని జూచు దృష్టి మాత్రము బయలుదేరిన చోటనే నిలిచినది. ఈ మాట చెప్పుటకు నవ్వు మానుకొన నక్కఱలేదు, నవ్వుచునే చెప్పవచ్చును.

మఱునాడు పిల్లవానిని బిలిచి ఆ గడియారముల సంగతి చెప్పితిని. వాడు కొంతసే పాలోచించి, "అయితే పడమటికి బోయినది ముందునకేల నడచెను మామయ్యా?" అనెను. నాకు వెంటనే యుత్తరము దోచలేదు. భూమి తూర్పునకు దిరుగుచుండుట, విమానము లెత్తున నెగురుట – ఈ రెండింటిని గాగితముపై వేసికొని యిరువురము చాలసేపు కూర్చుంటిమి. చిత్రము మా కీ పాఠమును జెప్పలేదు, చెప్పెదనని మోసగింపనులేదు. అది సంతోషమును మాత్రమిచ్చినది. తక్కినపని మాది. కాగితము మడచిన పిమ్మట వాడు "మరల నెప్పుడు తీసికొనిపోవుదు?" వని యడిగెను. వచ్చు ఆదివారమని మాట యిచ్చితిని.