నేలకింద కుక్క, నేలమీద చట్టం

1561లో ఫ్రాన్స్‌లో జాక్ దు ఫుయూ అనే గ్రామీణ ప్రభువు ‘లా వేనరీ’ అనే వేట గ్రంథాన్ని వెలువరించాడు. అందులో ఎక్కువ భాగం దుప్పుల వేటే. అయినా నక్కనూ బ్యాడ్జర్‌నూ బొరియలోంచి వెలికితీసే పొట్టికాళ్ల కుక్కలకు కూడా ఆయన కొంత చోటిచ్చాడు. పారలు, గునపాలు, తిండీ తాగుడూ బండికెత్తుకుని వెళ్లాలంటాడు. నేలమీద పరుపు వేసుకుని, చెవి ఆనించి, లోపల కుక్క ఎక్కడ మొరుగుతోందో వినాలంటాడు. 1575లో ఇంగ్లండులో ‘ది నోబుల్ ఆర్ట్ ఆఫ్ వేనరీ’ పేరుతో వచ్చిన పుస్తకం చాలామటుకు దీనికి అనువాదమే.

అంటే ఇంగ్లిష్ ఛానల్‌కు అటూ ఇటూ ఈ వేటకు పాఠ్యగ్రంథం ఒకటే. పని కూడా పెద్దగా మారలేదు. నేలకు ఆనించే చెవి బదులు ఇప్పుడు కుక్క మెడలో సిగ్నల్ పంపే కాలర్ ఉంటుంది, అంతే. కానీ చట్టాల దగ్గరికి వచ్చేసరికి దారులు పూర్తిగా చీలిపోయాయి. ఇంగ్లండు చట్టం వేటగాడిని ‘ఎందుకొచ్చావు’ అని అడుగుతుంది. ఫ్రాన్స్ చట్టం ‘ఎప్పుడొచ్చావు’ అంటుంది. జర్మనీ చట్టం ‘నువ్వెవరివి’ అంటుంది. లోపల చిక్కుకున్న జంతువుకు తప్పించుకునే దారి ఉందా అన్న ప్రశ్నకు మాత్రం ఏ చట్టమూ మొదటి స్థానం ఇవ్వలేదు. వీటిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించే లోపం ఇదే.

ఇంగ్లండుతో మొదలుపెడదాం. అక్కడ బొరియల్లో దూరే టెర్రియర్ కుక్కను పనికి పెట్టిన సంప్రదాయాలు రెండు, వాటి మధ్య తేడా చాలా ఉంది. మొదటిది గుర్రాల మీద సాగే వేట. ఫాక్స్‌హౌండ్ల గుంపు తరిమితే నక్క బొరియలో దూరుతుంది. దాన్ని మళ్లీ బయటికి పరిగెత్తించడానికి టెర్రియర్‌ను లోపలికి పంపుతారు. డెవాన్‌కు చెందిన పాదిరి జాన్ రస్సెల్ (1795–1883) ఈ సంప్రదాయానికి చెందినవాడే. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా 1819లో ఒక పాలవాడి దగ్గర ‘ట్రంప్’ అనే ఆడకుక్కను కొన్నాడు. ఇవాళ జాక్ రస్సెల్ టెర్రియర్లుగా పేరుపడ్డ కుక్కల కథ అక్కడ మొదలైంది. నక్కను చంపే కుక్క ఆయనకు వద్దు. మొరిగి, బెదిరించి, బయటికి తోలే కుక్క కావాలి. దీన్ని దయ అనుకోవడానికి లేదు. నక్క బొరియలోనే చస్తే గుర్రపు స్వారీ అక్కడితో ఆగిపోతుంది. అయినా ఆ అవసరంలోంచే మంచి లక్షణం ఒకటి పుట్టింది: లోపల పోట్లాడని కుక్కే మంచి కుక్క అన్న కొలమానం.

రెండోది ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లోది. ఆ రాళ్ల వాలుల్లో గుర్రం నడవదు. వేటగాళ్లు కాలినడకన హౌండ్ల వెంట వెళ్తారు. అక్కడ వేటకు కారణం స్వారీ సరదా మాత్రమే కాదు, ఈతకాలంలో గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే నక్క కూడా. లేక్‌లాండ్, ప్యాటర్‌డేల్ టెర్రియర్లు ఆ నేల కుక్కలు. బండల సందుల్లో ఇరుక్కున్న నక్కను తవ్వి తీయడం కుదరదు కాబట్టి అక్కడ కుక్కే నక్కతో తలపడి తేల్చుకోవాల్సి వచ్చేది. ముఖం చీలిపోయిన కుక్కలు, బండల మధ్య చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్న కుక్కలు ఆ చరిత్రలో చాలా ఉన్నాయి.

ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే హంటింగ్ యాక్ట్ 2004లో వచ్చి, 2005 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చింది. కుక్కలతో అడవి క్షీరదాలను వేటాడటాన్ని అది నిషేధించింది, కొన్ని మినహాయింపులు ఉంచింది. బొరియలోకి కుక్కను పంపడానికి ఇచ్చిన మినహాయింపు ఒక్క ప్రయోజనానికే: తుపాకీ వేట కోసం పెంచే, కాపాడే పక్షులకు తీవ్ర నష్టం కలగకుండా చూడటం. భూమి తనదని గానీ యజమాని అనుమతి ఉందని గానీ రాతపూర్వకమైన ఆధారం దగ్గరుండాలి. ఒకసారికి ఒక్క కుక్కే లోపలికి వెళ్లాలి. జంతువు వీలైనంత త్వరగా బయటికి వచ్చేలా, వచ్చిన వెంటనే నేర్పున్న మనిషి కాల్చి చంపేలా చూడాలి. కుక్కకు గాయం కాకుండా జాగ్రత్త పడాలి. షరతులుగా ఇవి మంచివే. జాన్ రస్సెల్ కుక్కను చట్టం ఎంచుకుని, కొండల కుక్కను పక్కన పెట్టిందని కూడా చెప్పొచ్చు.

నాకు మింగుడుపడనిది ఆ ప్రయోజనం. ఫెజెంట్ పక్షులను కాల్చుకోవడానికే పెంచుతారు. వాటి కాపరికి టెర్రియర్‌ను బొరియలోకి పంపే హక్కు ఉంది. గొర్రెపిల్లలను కోల్పోతున్న లేక్ డిస్ట్రిక్ట్ కాపరికి అదే హక్కు లేదు. అతను నేలమీద రెండు కుక్కలతో నక్కను లేపి కాల్చుకోవచ్చు తప్ప, కుక్కను నేలకిందికి పంపకూడదు. ఈ వేటకు జీవనాధారం అన్న కారణం ఎక్కడైనా ఉంటే అది కొండల్లోనే ఉంది. చట్టం ఆ కారణాన్ని తోసిపుచ్చి, వినోదం కోసం పెంచే పక్షులకు గొడుగు పట్టింది. లార్డ్ బర్న్స్ అధ్యక్షతన వేటపై ఏర్పడ్డ విచారణ సంఘం 2000లోనే తన నివేదికలో, తవ్వి కాల్చే పద్ధతి నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని తేల్చింది. పని గంటల తరబడి సాగడం, నక్క పారిపోయే వీలు లేకపోవడం, ఈ రెండింటినీ కారణాలుగా చూపింది. పార్లమెంటు ముందు ఆ మాట ఉంది. ఉన్నా మినహాయింపు వెళ్లింది పెద్ద ఎస్టేట్ల వైపే.

స్కాట్లాండు ఇక్కడ మెరుగ్గా ఆలోచించింది. 2002 నాటి చట్టం స్థానంలో 2023లో తెచ్చిన కొత్త చట్టం కూడా నేలకింద ఒక్క కుక్కనే ఒప్పుకుంటుంది. కానీ పశుసంపదను కాపాడుకోవడం అందులో సరైన కారణంగా లెక్కకొస్తుంది. ఉత్తర ఐర్లండులో అసలు నిషేధమే లేదు. 2021లో తెచ్చిన బిల్లు అసెంబ్లీలో ఓడిపోయింది. ఒక్క రాజ్యంలోనే ఇన్ని న్యాయాలు.

ఇక బ్యాడ్జర్. చారల ముఖం, బలమైన గోళ్లు, కుటుంబమంతా తరతరాలుగా ఒకే బొరియల సముదాయంలో కాపురం. దాన్ని కుక్కలతో కరిపించే వినోదాన్ని బ్రిటన్ 1835లోనే నిషేధించింది. 1973లో ప్రత్యేక చట్టం చేసింది. 1992 చట్టం ఆ జంతువుతో పాటు దాని బొరియకూ రక్షణ ఇచ్చింది. స్కాట్లాండు 2020లో శిక్షను 5 ఏళ్ల దాకా పెంచింది. ఇంగ్లండులో మాత్రం ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఇంకా 6 నెలల జైలే. అదే ఇంగ్లండు 2021లో పెంపుడు జంతువులపై క్రూరత్వానికి శిక్షను 5 ఏళ్లకు పెంచింది. కాబట్టి బ్యాడ్జర్ మీదికి పంపగా గాయపడిన కుక్క విషయంలో పడగల శిక్ష, బ్యాడ్జర్ విషయంలో పడగల శిక్ష కంటే ఎక్కువ. నక్క ఉందని చెప్పి తవ్వడం, లోపల ఉన్నది బ్యాడ్జర్ కావడం అక్కడి పోలీసులకు కొత్త కాదు. నేలకింద ఏముందో పైనుంచి కనిపించదు కాబట్టి, ‘ఎందుకొచ్చావు’ అన్న ప్రశ్నకు వేటగాడు ఇచ్చే జవాబును పరీక్షించడం చాలా కష్టం. ఇంగ్లండు పద్ధతిలోని బలహీనత అక్కడుంది.

ఛానల్ దాటితే అదే బ్యాడ్జర్ వేట జంతువు. ఫ్రాన్స్‌లో ఈ వేటకు ‘వేనరీ సూ తేర్’ అని పేరు. గుర్రాల మీద, కొమ్ముబూరల మధ్య జరిగే రాజరిక వేటకు తోబుట్టువుగా దీన్ని లెక్కిస్తారు, 1982 మార్చి 18 నాటి ఉత్తర్వు రెండింటికీ వర్తిస్తుంది. ఒంటరి వేటగాడికి బదులు ఇక్కడ జట్టు ఉంటుంది. ఆ జట్టు కుక్కలకు జిల్లాలో ప్రభుత్వ ప్రతినిధి అయిన ప్రిఫెక్ట్ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. సీజన్ సెప్టెంబరు 15 నుంచి జనవరి 15 దాకా. బ్యాడ్జర్ విషయంలో మే 15 నుంచి అదనపు కాలాన్ని అనుమతించే అధికారం ప్రిఫెక్ట్‌కు ఉంది. 2019లో చేసిన సవరణ, పట్టుకున్న జంతువును కుక్కల నోటికి అందించడాన్ని నిషేధించింది. ఆ మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అంతవరకూ ఏం జరుగుతూ వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఫ్రెంచి వాళ్ల గొడవంతా ఆ మే 15 చుట్టూనే తిరుగుతోంది. బ్యాడ్జర్ పిల్లలు ఎక్కువగా ఫిబ్రవరి ప్రాంతంలో పుడతాయి. మే నెల మధ్యలో అవి బొరియ బయట తిరగడం నేర్చుకుంటున్నా, తల్లి లేకుండా బతకలేని పసివే. వేటకు అనుమతి ఉన్న క్షీరదాల పిల్లలను చంపకూడదని ఫ్రాన్స్ పర్యావరణ స్మృతే చెబుతోంది. జంతు సంరక్షణ సంఘాలు ఈ నిబంధన పట్టుకుని జిల్లా జిల్లాకూ కోర్టుకెక్కాయి. చాలాచోట్ల న్యాయస్థానాలు ప్రిఫెక్ట్ ఉత్తర్వులను నిలిపేశాయి. వేటను మొత్తంగా రద్దు చేయాలన్న అభ్యర్థనను మాత్రం 2023 జులైలో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తోసిపుచ్చింది.

ఇంగ్లండులో ఈ వాదన బతుకుతెరువు, వర్గం, ఎస్టేటు అనే మాటల్లో నడుస్తుంది. ఫ్రాన్స్‌లో క్యాలెండర్ మీద నడుస్తుంది. నాకు ఫ్రెంచి పద్ధతి వాదనే ఎక్కువ ఫలితం ఇచ్చేదిగా కనిపిస్తుంది. తేదీకి జంతువు జీవితంతో సంబంధం ఉంది, పిల్లలు పుట్టే నెలను ఎవరూ కాదనలేరు. వేటగాడి మనసులో ఏముందో న్యాయమూర్తి తేల్చనక్కర్లేదు. చిక్కల్లా ఫ్రాన్స్ తన సొంత తర్కాన్ని చివరిదాకా పాటించకపోవడమే. పిల్లలను చంపకూడదని ఒకచోట రాసి, పిల్లలున్న కాలంలో బొరియ తవ్వడానికి ఇంకోచోట తలుపు తీసింది.

జర్మనీలో ఈ తలుపు కొంత గట్టిగా మూసి ఉంది. పిల్లలు స్వతంత్రంగా బతకగలిగే దాకా, వాటిని పెంచడానికి అవసరమైన తల్లిదండ్రి జంతువులను వేటాడకూడదని కేంద్ర వేట చట్టం చెబుతుంది. ప్రత్యేక నిషేధకాలం లేని నక్కకు కూడా ఇది వర్తిస్తుంది, ఉల్లంఘన నేరం. జర్మనీ పద్ధతి అసలు మనిషితో మొదలవుతుంది. వేటగాడు రాత, మౌఖిక, తుపాకీ పరీక్షలు నెగ్గాలి. వేట హక్కు భూమికి అంటుకుని ఉంటుంది. సొంత వేట ప్రాంతంగా లెక్కించాలంటే కనీసం 75 హెక్టార్లు ఉండాలి. ఆ ప్రాంతంలోని జంతువుల సంఖ్యకు, పంట నష్టానికి, గాయపడి పారిపోయిన జంతువును వెతకడానికి ఆ హక్కున్న వేటగాడే జవాబుదారీ.

అక్కడి కుక్క కూడా ఈ పద్ధతికి తగ్గట్టే తయారైంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కొందరు పెంపకందారులు, ఫాక్స్ టెర్రియర్లు అందాల పోటీలకు పరిమితమైపోతున్నాయని విసిగి, నలుపు-గోధుమ రంగు కుక్కలను ఏరి ‘డాయిచర్ యాగ్డ్‌టెర్రియర్’ను తయారుచేశారు. క్లబ్బు 1926లో ఏర్పడింది. బొరియలో దూరాలి, అడవిపందిని నిలవరించాలి, నెత్తుటి జాడ పట్టాలి, నీళ్లలోంచి బాతును తేవాలి. అన్ని పనులూ ఒకే కుక్క చెయ్యాలి. పిల్లలను వేటగాళ్లకు తప్ప అమ్మకూడదన్నది క్లబ్బు నియమం. కుక్క విషయంలో ఈ క్రమశిక్షణ నాకు గౌరవం కలిగిస్తుంది, ఎందుకంటే పని లేని ఇంట్లో ఆ కుక్క నరకం అనుభవిస్తుంది. నక్క విషయంలో అదే మాట అనలేను. కుక్కలకు తర్ఫీదు ఇవ్వడానికి కట్టిన కృత్రిమ సొరంగాల్లో బతికున్న నక్కను అడ్డుపలక వెనక ఉంచుతారు. ఒంటికి దెబ్బ తగలదు, నిజమే. తన మీదికి మొరుగుతూ వచ్చే కుక్కలను నక్క మళ్లీ మళ్లీ భరించాలన్నది కూడా నిజమే. పరీక్ష నెగ్గిన మనిషి చేస్తున్నాడు కాబట్టి పని మంచిదైపోతుందన్న నమ్మకం జర్మనీ పద్ధతిలో ఉంది. ఆ నమ్మకాన్ని నేను ఒప్పుకోను.

అమెరికా గురించి ఎక్కువ చెప్పేది లేదు, అక్కడ ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిదే. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. 1971లో ఏర్పడ్డ అమెరికన్ వర్కింగ్ టెర్రియర్ అసోసియేషన్, 1994 నుంచి అమెరికన్ కెన్నెల్ క్లబ్ జరుపుతున్న ఎర్త్‌డాగ్ పరీక్షలు ఈ పనిని ఆటగా మార్చాయి. 9 అంగుళాల చదరపు చెక్క సొరంగం, జూనియర్ స్థాయిలో 30 అడుగుల పొడవు, 3 మలుపులు, చివర పంజరంలో భద్రంగా ఎలుకలు. కుక్క 60 సెకన్లపాటు అక్కడే నిలిచి మొరగాలి, గోకాలి. ఎలుకకు కూడా భయం ఉంటుందన్నది కాదనను. అయినా పంజరాన్ని ముందు ఆలోచించి ఆ తర్వాత సొరంగం కట్టిన పద్ధతి ఇదొక్కటే. అదే అసోసియేషన్ సహజమైన బొరియల్లో నిజమైన వేట చేసిన కుక్కలకు కూడా సర్టిఫికెట్లు ఇస్తుందన్నది మరిచిపోకూడదు.

మన దేశంలో ఈ చర్చకు ఈ రూపం లేదు. తెల్లదొరలు ఊటీలో ఫాక్స్‌హౌండ్లతో నక్కలను తరిమిన రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి చట్టం ఆ వేటకు తావివ్వదు, 2022 సవరణ నక్కను మొదటి షెడ్యూలులో చేర్చింది. నెల్లూరు వరిగట్ల మీద యానాదులు పొగ పెట్టి, తవ్వి ఎలుకలను పట్టడం తిండికోసం, రైతు పంటకోసం. దాన్ని ఈ వేటలతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

బ్రిటన్‌లో లేబర్ పార్టీ 2024 మేనిఫెస్టోలో ట్రెయిల్ హంటింగ్‌ను నిషేధిస్తామని మాటిచ్చింది. నక్క బదులు ముందే వేసిన వాసన జాడను హౌండ్లు అనుసరించే పద్ధతి అది. వాసన జాడ బొరియలో దూరదు. అలాంటప్పుడు టెర్రియర్లను వెంటబెట్టుకుని మనుషులు ఆ గుంపుల వెనక ఎందుకు తిరుగుతున్నారని ప్రత్యర్థులు చాలాకాలంగా అడుగుతున్నారు, సరైన ప్రశ్నే. హంటింగ్ యాక్ట్‌ను ఎలాగూ తెరవబోతున్నారు కాబట్టి నేలకింది మినహాయింపును కూడా బల్లమీద పెట్టాలి. ఫెజెంట్ల కోసం ఉన్న వెసులుబాటు తీసేయాలి. ఇక మిగిలేది గొర్రెపిల్లల కోసమైతే స్కాట్లాండు కారణాన్ని, దానితో పాటు పిల్లలున్న నెలల్లో వాటిని పెంచే తల్లిదండ్రి జంతువులను వేటాడకూడదన్న జర్మనీ నియమాన్ని తెచ్చుకోవాలి. బొరియకు ఒక్క నోరే ఉండి జంతువుకు బయటపడే దారి లేకపోతే కుక్కను పంపనే కూడదన్న నిబంధన మాత్రం ఎవరి దగ్గరా దొరకదు. దాన్ని కొత్తగా రాసుకోవాలి.