భోజనాన్ని ఆపిన పాట

హైటెక్ సిటీ హోటళ్లలో జాజ్ సంగీతం వడ్డనకు నేపథ్యం. 1939లో బిల్లీ హాలిడే పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ వడ్డననే ఆపించింది. నల్లజాతివారిని చెట్లకు వేలాడదీసిన మూకహత్యలపై అబెల్ మీరోపోల్ రాసిన గేయమది. కొలంబియా కంపెనీ వెనకాడితే కమొడోర్ రికార్డు చేసింది. ముందు ఫ్రాంకీ న్యూటన్ ట్రంపెట్, తర్వాత సోనీ వైట్ పియానో. నిమిషం దాటాకగానీ గొంతు వినిపించదు. ఆ గొంతు అరవదు, ఏడవదు. ఒక్కొక్క మాటనూ తూచి వదులుతుంది. న్యూయార్క్ కెఫే సొసైటీలో అప్పుడు ఆమె ముఖంపై వెలుగు తప్ప దీపాలన్నీ ఆర్పేవారు.

బండి యాదగిరి ‘బండెనక బండి’ని ‘మాభూమి’ చిత్రంలో గద్దర్ ఎలుగెత్తి పాడాడు. అక్కడ జనాన్ని లేపాలి. ఇక్కడ తినేవాడి చేయి ఆపాలి. వస్తువుంటే చాలనే మన విమర్శకులను నేనడిగేది ఒక్కటే: ఎదుట ఎవరున్నారో ఎరగని పాట ఎవరిని కదిలిస్తుంది?