తలనొప్పి ఏ వేళది?

తలనొప్పితో వచ్చిన మనిషిని ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని అడగడం వైద్యులందరికీ అలవాటే గాని, అది ఏ వేళకు మొదలై ఏ వేళకు తగ్గుతుందో అడిగి, జవాబును ఓపికగా వినడం సాధనతో అబ్బే పనితనం. ఆ పనితనం పాతదే. శిరోరోగాలను 11గా లెక్కించిన సుశ్రుత సంహిత, పొద్దుపొడుపుతో మొదలై మిట్టమధ్యాహ్నానికి ముదిరి, పొద్దు వాలేకొద్దీ శమించే నొప్పిని సూర్యావర్తమంది. ఆ పేరు నొప్పి ఉన్న చోటును బట్టి గాక, అది నడిచే వేళను బట్టి పుట్టింది.

వేళను అంత కచ్చితంగా పాటించే నొప్పి నేటి వైద్యంలో క్లస్టర్ తలనొప్పి. వారాల తరబడి గుంపుగా వచ్చి, ఆపై నెలలపాటు మాయమయ్యే ఈ వ్యాధిలో ఒక కంటి చుట్టూ భరించరాని నొప్పి 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది; ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది; చాలామందిని ఆ నొప్పి రోజూ ఒకే వేళకు, తరచుగా నిద్రపట్టిన గంట రెండు గంటలకు లేపుతుంది, కొందరికి ఏటా అదే ఋతువులో తిరిగివస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథలమస్‌లో, కంటి నరాలు కలిసే చోటుకు కాస్త పైన, వెలుతురును బట్టి దేహపు గడియారాన్ని దిద్దే కణాల గుత్తి ఒకటి ఉంది. 1998లో, నొప్పి సాగుతుండగానే తీసిన పెట్ స్కాన్ చిత్రాల్లో ఆ హైపోథలమస్ వెనుక భాగమే చురుగ్గా కనబడడంతో, ఈ నొప్పికీ గడియారానికీ ఉన్న చుట్టరికం ఊహ స్థాయిని దాటింది. మాస్కు ద్వారా ఎక్కువ వేగంతో ఇచ్చే ఆక్సిజన్‌తో చాలామందికి పావుగంటలో ఉపశమనం దొరుకుతుంది. అయినా పంటి నొప్పనో సైనసనో పొరబడి ఏళ్లు గడిచిపోవడం ఎంతో బాధాకరం.

పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఇంత నిక్కచ్చిగా వేళ పాటించదు గాని, తెల్లవారుజామునా, స్త్రీలలో ఈస్ట్రోజన్ పడిపోయే నెలసరి దినాల్లోనూ ఎక్కువగా వస్తుంది. నిద్ర తగ్గినా పెరిగినా రేగుతుంది. ఆల్విన్ వంటి కర్మాగారాలతో పెరిగి, కార్మికుల కోసం ఈఎస్ఐ ఆసుపత్రి వెలసిన హైదరాబాదులోని సనత్‌నగర్ వంటి చోట ఈ సంగతికి ప్రత్యేకమైన బరువుంది. ఎందుకంటే వారం వారం షిఫ్టు మారే కార్మికుడి దేహం రాత్రి పనికి అలవాటు పడకముందే పగటి పనికి మళ్లవలసి వస్తుంది. అందువల్ల పడుకున్న వేళ, లేచిన వేళ, నొప్పి మొదలైన వేళ, వేసుకున్న మాత్రలు రాసే తలనొప్పి డైరీలో ఇక్కడ షిఫ్టుకు కూడా ఒక గడి ఉండి తీరాలి. టీ తాగిన వేళ కూడా రాయించడం మంచిది. ఆరు రోజులు తెల్లవారకముందే టీ తాగి పనికి వెళ్లే మనిషికి సెలవునాడు పది గంటలకు లేచేసరికి తల పగిలిపోతుంటే, అందుకు అతినిద్రా టీలోని కెఫీన్ అందకపోవడమూ కారణం కావచ్చని నాలుగు వారాల డైరీ చూస్తే తెలుస్తుంది.