వంతయు యంత్రమును: ఆశుగానరక్షణమును గూర్చిన విమర్శ

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడువైపుల ఆంధ్రప్రదేశపు హద్దులే కలవు. అందలి క్యాతగానచెర్లు వంటి గ్రామములు పాలనకు కర్ణాటకమునకు చెందినను, ఆ సీమలో తెలుగు వినబడుచునే యున్నది. ఇట్టి సరిహద్దు పల్లెలలో వ్రాతకెక్కని పాటయు కథయు ఉభయభాషల సంకలనకర్తల దృష్టికిని దూరమగుట సులభము. కావున వానిని ధ్వనిముద్రణము చేసి భద్రపరుపవలెనను మాట న్యాయమైనదే. కాని ముద్రణమువలన భద్రమగునది యేది, కానిది యేది యని ముందుగా విచారింపవలసియున్నది.

షేక్ నాజరు (1920–1997) ప్రఖ్యాతికి దెచ్చిన బుర్రకథను దృష్టాంతముగా గొనవచ్చును. కథకుడు తంబురా మీటుచు, అందెలు మ్రోగించుచు కథ నడుపును. ఇరువైపుల నిలిచిన వంతలు డక్కీలు వాయించుచు 'తందాన' యని యందుకొందురు. ఒకరు హాస్యమును, ఒకరు రాజకీయమును పలుకుదురు. కథ పాతదే, ఆనాటి ఊరి సంగతి మాత్రము అప్పటికప్పుడు అందులో జేరును. వంత మరల మరల పాడునది ఒక్క ముక్కయే యైనను, ఆ వ్యవధిలోనే కథకుడు తరువాతి మాట నల్లుకొనును. శాస్త్రీయసంగీతమునందలి నెరవలులో ఒకే సాహిత్యపంక్తి ఆవృత్తమగుచుండగా రాగభావము క్రొత్తదగుటయు నిట్టిదే. ఆవృత్తి కల్పనకు శత్రువు కాదు, ఆధారము.

పాశ్చాత్యులు ఈ ఆవృత్తిని యంత్రమున కప్పగించిరి. 1960 దశకమున అమెరికాలో టెర్రీ రైలీ రెండు టేపు రికార్డర్ల నడుమ ఒకే టేపును నడపి, తాను వాయించినదానిపై తానే మరల వాయించెను. నేటి లూపర్ అను చిన్నపెట్టె ఆ పనినే చేయును. గాయకుడు కాలితో నొక్కినంతనే అప్పుడు పాడిన తునకను బట్టి, ఆపువరకు వినిపించుచుండును. ఒంటరి గాయకునికి తన గొంతే వంత యగును. ధ్వనిముద్రణము కల్పన ముగిసిన పిమ్మట దాని ఫలమును నిలుపును. లూపర్ కల్పన సాగుచుండగా దానికి ఊతమిచ్చును. ఈ గుణమును కాదనరాదు.

ముద్రణమునకును పరిమితులు కలవు. 78 వేగపు గ్రామఫోను పలకకు ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు మూడు నిమిషముల కాలమే యుండుటచే రాగాలాపన కుదించుకొనవలసివచ్చెను. కాలపరిమితి తొలగినను చిక్కు తీరదు. జీన్ రోఘెయిర్ 1974లో అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను ముద్రించి, దాని ఆంగ్లానువాదమును 1982లో ప్రకటించెను. అది యమూల్యమైన కృషి. అయినను అది ఒక గాయకుని ఒక గానము. దానినే ప్రమాణముగా జేసి ఇతరుల కథలను తప్పులుగా నెంచుట పొరపాటు.

తాళ్ళపాక అన్నమాచార్యుల రాగిరేకులు మరియొక పాఠము. వానిలో సాహిత్యమును రాగనామములును కలవు, స్వరములు లేవు. అందుచే అనంతపురము జిల్లాలో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) పెక్కు సంకీర్తనలకు స్వరరచన చేయవలసివచ్చెను. లోహము మాటను కాపాడెను. పాడువారి పరంపర తెగినచోట పాట దక్కలేదు.

అసలు ప్రశ్న ఇచ్చటనే కలదు. వంత వినును, కథకుడు తడబడిన అందించును, సభ సన్నగిల్లిన నడక మార్చును. లూపర్ వినదు. అంతకంటె ముఖ్యముగా, ప్రతిరాత్రియు కథను చెవినిడుకొను వంత రేపటి కథకుడు కాగలడు. ఆ స్థానమున యంత్రమును నిలిపినచో శిష్యుని పీట ఖాళీ యగును. ముద్రణము కథను దాచునే కాని కథకుని పుట్టింపదు.

కావున రక్షింపదలచినవారు ఒకే కథను వేర్వేరు రాత్రుల, సభికుల పలుకులతో సహా ముద్రింపవలెను. తేదిని, స్థలమును, వంతల పేర్లను, కన్నడము కలిసిన చోట్లను గుర్తింపవలెను. ఒక ప్రతిని ఆ ఊరికే యీయవలెను. అన్నిటికంటె మిన్నగా, కథకుని ప్రక్క ఒక బాలుని నిలుపవలెను. అప్పుడే ముద్రణము పరంపరకు తోడగును. లేనిచో దాని జ్ఞాపకముగా మాత్రమే మిగులును.