ఆరిన నీలం

ఎండబెట్టి నొక్కిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో నీలకురింజి షీటు చేతికొస్తే నేను ముందు చూసేది ఆకుల్నే. జంటలుగా, ఎదురెదురుగా ఉన్న ఆ ఆకుల్లో ఒక్కటైనా వెనక్కి తిప్పి ఉందా? ఉంటే, నొక్కినవాళ్లు పని తెలిసినవాళ్లు. అడుగువైపు ఈనెలు కనబడాలంటే ఆకు పచ్చిగా ఉండగానే తిప్పాలి. ఎండాక తిప్పబోతే పెళుక్కుమంటుంది.

పశ్చిమ కనుమల గడ్డికొండల్లో పన్నెండేళ్లకోసారి గుంపుగా పూసి, గింజ రాల్చి చచ్చిపోయే మొక్క ఇది. మున్నార్ పరిసరాల్లో 2006లో పూసింది, మళ్లీ 2018లో. వేరే కొండల గుంపులు వేరే ఏళ్లలో పూస్తాయి గానీ, ఒక కొండ మీది నమూనా పాడైతే మాత్రం అక్కడ మళ్లీ పూసేదాకా పన్నెండేళ్లు ఆగాల్సిందే.

కాడ చెక్కబారినది, పువ్వేమో పల్చటి గొట్టం. రెంటినీ కలిపి నొక్కితే కాడ దగ్గర కాగితం ఎత్తుగా నిలుస్తుంది, పక్క ఆకులకు ఒత్తిడి అందక ముడుచుకుపోతాయి. అందుకని కాడని నిలువునా చీల్చి సగం తీసేస్తారు, లేదా చుట్టూ కాగితం మడతలు పేర్చి ఎత్తు సరిచేస్తారు. ఒక పువ్వుని చీల్చి, లోపలి కేసరాలు కనబడేలా పరుస్తారు. తడి నిలిస్తే బూజే, కాబట్టి మొదట్లో రోజూ కాగితాలు మార్చాలి. చివరికి 42×28 సెంటీమీటర్ల అట్ట మీద కుట్టు. మంచి పనిలో ప్రతి కుట్టుకీ వెనక విడిగా ముడి ఉంటుంది. ఒకటి తెగినా మిగతావి పట్టి ఉంచుతాయి. పువ్వు మీదుగా దారం పోదు. రాలినవి పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో అదే షీటుకి అంటిస్తారు.

ఇంత చేసినా నీలం నిలవదు, గోధుమరంగులోకి దిగిపోతుంది. రాబర్ట్ వైట్ లాంటి వృక్షశాస్త్రజ్ఞులు ఎండు నమూనాలతో సరిపెట్టుకోక రంగయ్య, గోవిందు లాంటి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించారు. గోవిందు పేరు వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికే పెట్టాడు. చిత్రకారుడు వెంట లేనప్పుడు రంగు చెప్పే బరువంతా కుడివైపు అడుగున ఉన్న లేబుల్ మోయాలి. ఊరు, ఎత్తు, తేదీలతో పాటు కొండ మీద నిలబడి పువ్వు రంగు కూడా రాసుకున్న చెయ్యంటే నాకు ఎంతో గౌరవం.

అంతకన్నా గౌరవం, పూత అయిపోయాక మళ్లీ కొండెక్కినవాళ్లంటే. వాళ్ల షీటులో ఆరిన పూల కంకి పక్కన ఎండు కాయలుంటాయి, పొట్లంలో గింజలుంటాయి.