రక్షణ ఎంతవరకు?

1972లో సన్నీవేల్‌లోని ఆండీ క్యాప్స్ టావర్న్‌లో అటారీ వాళ్ళు పాంగ్ వీడియో గేమ్ యంత్రాన్ని పెట్టి చూశారు. అది ఆడాలంటే తెలియాల్సింది ఒక్కటే, బంతిని వదలకూడదు. అదే ఊళ్ళో ఇవాళ తెలుగు ఇళ్ళ పిల్లలు నేల మీద పరుచుకుని ఆడే మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆటకు నియమావళి రెండు వందల పేజీలు దాటింది. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ 1993లో తెచ్చిన ఆట ఇది. ఆ పేజీలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది, కొత్తవాళ్ళు బాగా తడబడేది ఒకే చోటు: టార్గెట్‌కీ ప్రొటెక్షన్‌కీ ఉన్న సంబంధం.

ప్రొటెక్షన్ అంటే చావు లేకపోవడం కాదు. రావణుడు దేవతలు, దానవులు, యక్షులు అంటూ పేరుపేరునా చెప్పి వరం అడిగాడు. మనుషుల్ని లెక్కచేయలేదు. ఈ ఆటలోనూ రక్షణ పేరు పెట్టినవాటి నుంచే, అదీ నాలుగు విషయాల్లోనే. మొట్టమొదటి సెట్‌లోని బ్లాక్ నైట్ అనే క్రీచర్ కార్డునే చూడండి. దానికి తెల్ల రంగు కార్డుల నుంచి ప్రొటెక్షన్. తెల్ల స్పెల్, అంటే మంత్రం, దాన్ని టార్గెట్ చేయలేదు, అంటే గురిగా ఎంచుకోలేదు. తెల్లవి చేసే డ్యామేజ్ దానికి తగలదు. తెల్ల క్రీచర్ దాన్ని బ్లాక్ చేయలేదు. తెల్ల ఆరా, అంటే క్రీచర్ మీద అతికించే కార్డు, దాన్ని అంటిపెట్టుకోలేదు. ఇంతే, ఐదోది లేదు.

అందుకే స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ అనే తెల్ల స్పెల్ బ్లాక్ నైట్‌ను ఏమీ చేయలేదు, దాని మీద ‘టార్గెట్’ అని రాసి ఉంది కనుక. రాత్ ఆఫ్ గాడ్ మాత్రం బ్లాక్ నైట్‌ను నిలువునా తీసుకుపోతుంది. అదీ తెల్ల కార్డే. కానీ అది ఎవరినీ ఎంచుకోదు, డ్యామేజ్ చేయదు, క్రీచర్లన్నిటినీ నాశనం చేయమంటుంది. నాలుగింటిలో ఏదీ కాదు కాబట్టి రక్షణకు అక్కడ పని లేదు.

మరి టార్గెట్ చేయనివన్నీ రక్షణను దాటిపోతాయా? పోవు. వైట్ నైట్‌కు నలుపు నుంచి ప్రొటెక్షన్. నల్లనిదైన పెస్టిలెన్స్ ఎవరినీ ఎంచుకోకుండా అందరికీ ఒక్కో డ్యామేజ్ పెడుతుంది. వైట్ నైట్ మీద అది పనిచేయదు, కొట్టేది డ్యామేజ్ కనుక. అదే నల్లనిదైన డయబాలిక్ ఈడిక్ట్ టార్గెట్ చేసేది ప్లేయర్‌ని. నీ క్రీచర్ ఒకటి నువ్వే బలి ఇచ్చుకో అంటుంది. మీ దగ్గర వైట్ నైట్ ఒక్కటే ఉంటే దాన్నే ఇచ్చుకోవాలి. కార్డు ఎంత గట్టిది అని కాదు, అది ఎవరితో ఏమంటోంది అని చదవాలి. పదేళ్ళ పిల్లలు ఒక వాక్యంలో కర్త ఎవరు, కర్మ ఎవరు అని వేళ్ళు పెట్టి వాదించుకునే ఆటలు నాకు తెలిసినంతలో ఎక్కువ లేవు. ఈ ఆట మీద నా ప్రేమంతా అక్కడే ఉంది.

హెక్స్‌ప్రూఫ్ అని ఇంకో రక్షణ ఉంది, అది ఇంతకన్నా చిన్నది. 2011లో ఆ పేరు పెట్టారు. అది ఆపేది ఎదుటివాళ్ళ టార్గెట్‌ను మాత్రమే, మీ సొంత స్పెల్స్‌కు అడ్డు రాదు. ప్రొటెక్షన్ కొత్తవాళ్ళకు కష్టంగా ఉందని 2015లో తరచుగా వాడే మాటల్లోంచి పక్కన పెట్టారు, 2019లో మళ్ళీ తెచ్చారు. తేవడమే మంచిదైంది.

ప్రొటెక్షన్ ఇవ్వడంలో అసలు నేర్పు సమయంలో ఉంది. ఎదుటివాళ్ళు మీ క్రీచర్ మీద ఎర్ర స్పెల్ లైట్నింగ్ బోల్ట్ వేశారు. మీరు బదులుగా, ఎంచుకున్న రంగు నుంచి ఆ టర్న్ వరకు ప్రొటెక్షన్ ఇచ్చే గాడ్స్ విల్లింగ్ వేసి ఎరుపు అన్నారు. చివర వేసింది ముందు జరుగుతుంది. బోల్ట్ వంతు వచ్చేసరికి దాని టార్గెట్ చెల్లదు, ఆ స్పెల్ వృథా. కానీ బోల్ట్ వేయకముందే తొందరపడి ఇస్తే ఎదుటివాళ్ళు బోల్ట్‌ను దాచుకుని, ఆ టర్న్ గడిచాక కొడతారు. రంగు ఎంచుకునేటప్పుడు మీ క్రీచర్ మీదున్న మీ సొంత ఆరాలను కూడా చూసుకోండి. తెలుపు అన్నారంటే తెల్ల ఆరా అయిన హోలీ స్ట్రెంగ్త్ ఊడి గ్రేవ్‌యార్డ్‌లో పడుతుంది.