ఆరేడు మీటర్ల ఎత్తులో కరెంటు మీటరు

బల్గేరియాలోని దుప్నిత్సా పట్టణంలో గిజ్దోవా మహలా అనే పేట ఉంది. ఉండేవాళ్లలో ఎక్కువమంది రోమాలు అనే మైనారిటీ జాతివాళ్లు. 1999, 2000 సంవత్సరాల్లో ఆ పేట మీటర్లన్నిటినీ కాంక్రీటు స్తంభాల మీద, ఆరేడు మీటర్ల ఎత్తున బిగించారు. తక్కిన పేటల్లో మీటరుండేది 1.70 మీటర్ల ఎత్తున, ఇంటి గోడకో ప్రహరీకో. ఎంత కరెంటు కాలిందో చూసుకోవడం గిజ్దోవా మహలా వాళ్లకు దాదాపు అసాధ్యంగా ఉండేది.

యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే మైనారిటీలకు రక్షణ ఉండాలని 1993లో కోపెన్‌హాగెన్‌లో షరతు పెట్టారు. కానీ ఇది పెళ్లిచూపుల నాటి ఆరా లాంటిది, మూడుముళ్లు పడ్డాక అంత గట్టిగా అడిగేవాళ్లుండరు. 2007లో బల్గేరియా చేరాక రోమాల చేతిలో మిగిలిన అసలు పనిముట్టు 2000 నాటి జాతి సమానత్వ ఆదేశం. దానితో ఏం చేయవచ్చో లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం 2015 జులై 16న చూపించింది. బల్గేరియాలోనే మోంటానా పట్టణం నుంచి ఇలాంటి ఫిర్యాదే అంతకుముందూ వచ్చింది. పంపింది కోర్టు కాదు, బల్గేరియా వివక్ష నిరోధక కమిషన్ కాబట్టి మా పరిధి కాదని 2013లో తిప్పి పంపేశారు. రెండోసారి, గిజ్దోవా మహలా మీటర్ల మీద, బల్గేరియాలోని సోఫియా కోర్టే ప్రశ్నలు పంపింది.

ఈ తీర్పు పనితనం ముచ్చటైనది. ఫిర్యాదు చేసినావిడ ఆ పేటలో కిరాణా కొట్టు నడిపేది, తాను రోమా కాదని ఆమే చెప్పింది. మరి ఆమెకు ఫిర్యాదు చేసే అర్హత ఉందా? ఉందంది లక్సెంబర్గ్ కోర్టు. రోమాల మీద తీసుకున్న చర్య దెబ్బ పక్కవాడికీ తగిలితే, వాడికీ ఆ రక్షణ వర్తిస్తుంది. ఈ ఒక్క మాటతో జాతి ధ్రువీకరణ పత్రాల గొడవే పోయింది.

తర్వాతిది బల్గేరియా చట్టంలోని మెలిక. హక్కుకో చట్టబద్ధ ప్రయోజనానికో భంగం కలిగితేనే వివక్ష అని అందులో ఉండేది. మీటరు చూసుకోవడం హక్కని ఏ చట్టంలో రాశారు? ఈ లెక్కన మీటర్లు బిగించిన కరెంటు సంస్థ ఇట్టే బయటపడేది. అలాంటి షరతు ఆదేశంలో లేదు, తక్కువగా చూడడమే చాలని కోర్టు ఆ మెలిక విప్పేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది సాక్ష్యాన్ని వాడుకున్న తీరు. కరెంటు దొంగతనాలు ఎక్కువగా రోమాలే చేస్తారని పంపిణీ సంస్థ చెజ్ కమిషన్ ముందు పలు కేసుల్లో అంది. ఆధారం చూపమంటే, అందరికీ తెలిసిందేగా అంది. కోర్టు ఆ మాటనే పట్టుకుని, ఇది ముందే ఏర్పరచుకున్న దురభిప్రాయానికి సూచన కావచ్చంది. మీటరు ముట్టని ఇంటికీ అదే శిక్ష పడడాన్ని కూడా దీనికి చేర్చింది. దొంగతనం ఆపడం, ప్రమాదాలు నివారించడం సబబైన లక్ష్యాలేనని ఒప్పుకుంటూనే, అందుకు వేరే దారి లేదా అని అడిగింది. ఇతర సంస్థలు మీటర్లను మామూలు ఎత్తుకే దించి, వేరే సాంకేతిక పద్ధతులు వాడాయని కమిషన్ చెప్పిన సంగతిని సోఫియా కోర్టు ముందుంచింది.

మీటర్లు దించమని మాత్రం ఆజ్ఞ ఇవ్వలేదు. వివక్ష జరిగిందో లేదో తుదిగా తేల్చే పని సోఫియా కోర్టుకే వదిలింది. న్యాయశాస్త్రం చదివే మన విద్యార్థులు సి-83/14 నంబరుతో వెతికి ఈ తీర్పును మొత్తంగా చదవాలి, ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది.